కొండకు రెండు వానలు



పోయిన నెల మిల్లు సంగు గురించి రాసినాను కదా, దానికి జాబులు బాగానే వచ్చినాయి. మేము కోయంబత్తూరులో సంగు అంటాము, షోలాపూరు వాళ్ళు భోంగా అంటారు. పేరు ఏదయితే ఏమి, అది కూయంగానే పరుగెత్తిన కాళ్ళు ఒకటే. ఆ జాబుల్లో ఒకటి షోలాపూరు నించి ఒక తల్లి రాసింది. సంగు సంగతి రెండు ముక్కలు రాసి, చివర ఇట్లా అడిగింది: "అన్నగారూ, ఊటీ మీ ఇంటి వెనకాలే అంటారు. పిల్లలకు సెలవులు వస్తాయి, ఒకసారి చూపించాలని ఉంది. ఏ నెలలో పోతే మంచిది? అక్కడ మంచు పడుతుందా? వాన ఉంటుందా?"

చిన్న ప్రశ్నే. కార్డు ముక్క మీద జవాబు రాసి పంపవచ్చు. రాద్దామని కూచున్నాను కూడా. కలం ఆగిపోయింది. కొండ వాన గురించి నేను ఒకసారి ఒక మాట చెప్పినాను. ఆ మాట తప్పు. ఆ మాట విని ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఈ వయసులో కూడా ఒళ్ళు జలదరిస్తుంది. అందుకే కార్డులో కాకుండా, అందరికీ తెలిసేటట్టు ఇక్కడే రాస్తున్నాను. ఆ సంగతి చివర చెబుతాను. ముందు కొండ సంగతి.

నీలగిరి అనేది ఒక ఊరు కాదు, ఒక జిల్లా. ఊటీ, కూనూరు, కోత్తగిరి, గూడలూరు అన్నీ అందులోవే. కోయంబత్తూరు నించి ఉత్తరంగా ఒక గంట బస్సులో పోతే మేట్టుపాళయం వస్తుంది. అదింకా నేల మీదే ఉండే ఊరు, సముద్రానికి 300 మీటర్ల పైచిలుకు ఎత్తు. అక్కడి నించి ఘాటు రోడ్డు ఎక్కితే కూనూరు సుమారు 1850 మీటర్లు, ఊటీ సుమారు 2240 మీటర్లు. అన్నిటికన్నా ఎత్తు దొడ్డబెట్ట, 2637 మీటర్లు.

ఎత్తు పెరిగితే చలి పెరుగుతుంది. దానికి ఒక లెక్క ఉంది. కిలోమీటరు ఎత్తు ఎక్కితే సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. మేట్టుపాళయానికీ ఊటీకీ మధ్య రెండు కిలోమీటర్లకు కొంచెం తక్కువ ఎత్తు. అంటే పదకొండు, పన్నెండు డిగ్రీలు. కింద మనకు చెమట కారి చొక్కా వీపుకు అంటుకునే వేళ, పైన వాళ్ళు స్వెట్టరు వేసుకుని టీ తాగుతుంటారు. దారిలో కల్లారు, బర్లియారు దగ్గర పనస, మంగుస్తాన్ కాస్తాయి. ఇంకా పైకి పోతే టీ తోటలు. ఇంకా పైన క్యారెట్టు, ఉర్లగడ్డ, కోసుగడ్డ. మూడు గంటల ప్రయాణంలో మూడు దేశాలు దాటినట్టు ఉంటుంది.

ఇంతవరకు అందరికీ తెలిసిందే. తెలియనిది ఏమంటే, ఈ కొండకు రెండు పక్కలున్నాయి. ఒక పక్క వాన వేరు, ఇంకో పక్క వాన వేరు. ఒకే జిల్లాలో ఒక ఊరు తడిసి ముద్దయ్యే నెలలో ఇంకో ఊళ్ళో బట్టలు ఎండుతుంటాయి. ఊటీలో వాన ఉందా అని అడిగితే, ఏ నెల, ఏ పక్క అని తిరిగి అడగాల్సిందే.

మొదటి వాన జూన్‌లో వస్తుంది. అది పడమటి వాన, అరబ్బీ సముద్రం నించి కేరళ మీదుగా వస్తుంది. సముద్రం మీద నీళ్ళు తాగిన గాలి వచ్చి కొండను గుద్దుకుని పైకి ఎక్కుతుంది. పైకి పోయేకొద్దీ చల్లబడుతుంది. చల్లబడిన గాలి తేమను మోయలేదు, అక్కడే కుమ్మరిస్తుంది. అందుకని జూన్, జూలై, ఆగస్టుల్లో గూడలూరు, దేవాల, అవలాంచి వైపు వాన దంచుతుంది. 2019 ఆగస్టులో అవలాంచిలో ఒక్క రోజులో 911 మిల్లీమీటర్లు కురిసింది. మా కోయంబత్తూరులో ఏడాది పొడుగునా కురిసేది సుమారు 600, 700. మాకు ఏడాదికి కూడా రానంత వాన అక్కడ ఒక రోజులో పడింది.

అదే నెలల్లో కూనూరు, కోత్తగిరి పక్క మబ్బు ఉంటుంది, గాలి ఉంటుంది, జల్లు పడుతుంది, అంతే. గాలి తన బరువంతా పడమటి పక్కే దించేసి, ఖాళీ మూటతో ఇటు దిగుతుంది. షోలాపూరు తల్లికి ఇది చెబితే వెంటనే అర్థమవుతుంది. మహాబలేశ్వరంలో ఏడాదికి 5000 మిల్లీమీటర్ల పైన కురుస్తుంది, షోలాపూరు వాళ్ళు మబ్బు కోసం ఆకాశం చూస్తుంటారు. అక్కడా ఇక్కడా అడ్డం నిలిచింది ఒకే కొండల వరస, సహ్యాద్రి. దాని తోక దగ్గర ముడి వేసినట్టు ఉండేది మా నీలగిరి.

ఈ పడమటి వాన మా మిల్లు బతుకులకు ఎట్లా కట్టుకుని ఉందో మనవాళ్ళ పిల్లలకు తెలియదు. అది రెండు మాటలు రాస్తాను.

కోయంబత్తూరులో ఇన్ని మిల్లులు లేచింది ఊరికే కాదు. 1932లో నీలగిరిలో పైకారా నీళ్ళతో కరెంటు తీసినారు. ఆ కరెంటు కొండ దిగి వచ్చినాక మిల్లు వెనక మిల్లు లేచింది. మా నాయన తరం వాళ్ళు పొలం వదిలి దూది పట్టింది అందుకే. తరువాత కుందా నీళ్ళతో ఇంకా కరెంటు తీసినారు. అంటే అవలాంచి పక్క కురిసిన వానే మా రింగు ఫ్రేములు తిప్పింది.

నేను మిల్లులో చేరిన కొత్తల్లో ఇది నాకూ తెలియదు. ఒక సంవత్సరం ఆషాఢం పోయి శ్రావణం వచ్చినా కొండ మీద వాన సరిగా లేదు. కింద మాకేమి, ఎప్పుడూ ఉండే గాలే. తమిళవాళ్ళు ఆడి నెల గాలికి అమ్మికల్లు కూడా ఎగిరిపోతుందంటారు, ఆ గాలి. చల్లగా ఉంది, బాగుంది అనుకుంటున్నాము. ఆ ఎండాకాలం వచ్చేసరికి పైన చెరువుల్లో నీళ్ళు లేవు, మిల్లుకు కరెంటు కోత పెట్టినారు. మూడో షిఫ్టు ఆపినారు. లే-ఆఫ్ అన్నారు. సగం కూలి. ఇంట్లో మా అమ్మ బియ్యం కొలిచే శేరు మార్చి పావు పెట్టింది. అప్పుడు మా మేస్త్రీ ఒకాయన నన్ను మిల్లు గేటు బయటికి తీసుకుపోయి, కొండ పక్క వేలు చూపించి, "ఒరే అబ్బాయి, నీ జీతం సంచీ ఆఫీసులో లేదురా, అదో అక్కడ వేలాడుతుంటాది" అన్నాడు. ఆ రోజు నించి జూన్ నెల వస్తే నేను కొండ పక్క చూడకుండా షిఫ్టుకు పోలేదు. కొండ నల్లగా కనిపిస్తే కడుపు నిండేది.

ఇప్పుడు గాలిమరలు వచ్చినాయి, ఎండతో కరెంటు వచ్చింది. మిల్లులు ఎన్నో మూతబడినాయి. అయినా మేట్టుపాళయం దాటి పారే భవానికీ, భవానీసాగరు చెరువుకూ నీళ్ళు వచ్చేది ఆ కొండ మీది నించే. ఆ చెరువు కింద ఈరోడు పక్కంతా పైరు.

సెప్టెంబరుకు పడమటి వాన తగ్గుతుంది. దాని తరువాత వచ్చే అక్టోబరు, నవంబరు నెలలను ఇప్పుడు కావాలనే దాటేస్తున్నాను. చలికాలానికి పోదాము.

డిసెంబరు సగం నించి ఫిబ్రవరి దాకా ఊటీలో చలి. ఆ తల్లి మంచు పడుతుందా అని అడిగింది. మన తెలుగులో అన్నిటికీ మంచు అనే ఒక్క మాటే. సినిమాలో చూపించినట్టు ఆకాశం నించి దూదిలాగా రాలే మంచు ఊటీలో పడదు. అది హిమాలయాల్లో. ఇక్కడ ఉండేది రెండు రకాలు. ఒకటి పొగమంచు. అంటే మబ్బే కొండ మీద కూచోవడం. అది ఏ నెలలోనయినా వస్తుంది. ముందు పోయే లారీ కనిపించదు. రెండోది గడ్డమంచు. రాత్రి ఆకాశంలో మబ్బు లేకుండా, గాలి లేకుండా ఉంటే, నేల వేడంతా పైకి పోతుంది. గడ్డి మీది తేమ పేరుకుని ఉప్పు చల్లినట్టు తెల్లగా అవుతుంది. కొన్ని రాత్రులు సున్నా డిగ్రీల దగ్గరికి దిగుతుంది. సూర్యుడు పైకి రాగానే అంతా కరిగిపోతుంది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ఎత్తుకు పోతే చలి ఎక్కువ అన్నాను కదా. కానీ గడ్డమంచు పట్టేది ఎక్కువగా పల్లపు చోట్లే. చల్లగాలి బరువు. రాత్రిపూట నీళ్ళలాగా వాలు దిగి వచ్చి గుంటలో నిలుస్తుంది. అందుకే ఊటీ గుర్రప్పందేల మైదానంలో, తలైకుందా గడ్డి నేలల్లో తెల్లగా ఉంటుంది, పక్క మిట్ట మీద ఇంటి ముందర ఏమీ ఉండదు. ఫొటో తీసుకునే వాళ్ళకు అది సంతోషం. టీ తోట వాళ్ళకు కాదు. గడ్డమంచు పట్టిన ఆకు ఎండ తగలగానే నిప్పు సోకినట్టు మాడిపోతుంది. మళ్ళీ చిగురు వచ్చేదాకా తోటలో కోతకు పోయే ఆడవాళ్ళకు పని తగ్గుతుంది. లేత చెట్లకు ఎండుగడ్డి, కొమ్మలు కప్పి కాపాడుకుంటారు.

ఆ కొండల్లో తొలి నించి ఉండే తోడా వాళ్ళ పాత ఇళ్ళు చూస్తే చలి ఎట్లాంటిదో తెలుస్తుంది. సగం పీపా బోర్లించినట్టు గడ్డితో కప్పిన ఇల్లు. తలుపు ఎంత చిన్నదంటే, మోకాళ్ళ మీద పాకి పోవాలి. వాళ్ళకు తలుపు పెద్దది చెయ్యడం చేతకాక కాదు. చలిగాలి లోపలికి రాకూడదని.

మార్చిలో ఎండ మొదలవుతుంది. కొండ మీద గడ్డి ఎండి, అడవికి నిప్పు భయం ఉండే నెలలు ఇవే. ఏప్రిల్, మేలో అప్పుడప్పుడు మధ్యాహ్నం ఉరుముతో జల్లు. గూడలూరు పక్క కాఫీ తోటల వాళ్ళు ఆ జల్లు కోసం చూస్తుంటారు, అది పడితేనే కాఫీ పూస్తుంది. ఊటీలో మే నెలలో కూడా పగలు పాతిక డిగ్రీలు దాటడం తక్కువ. ఆ చల్లదనం కోసమే తెల్లదొరలు మద్రాసు వదిలి ఆఫీసులు మోసుకుని ఎండాకాలమంతా అక్కడ కూచున్నారు. ఇప్పుడు మనమందరం దొరలమే. మేలో పూల ప్రదర్శన పెడతారు, కార్లు చీమల బారు. ఆ రద్దీకి కొండ తట్టుకోలేదని హైకోర్టు చెప్పినాక, 2024 మే నించి బయటి బండ్లకు ఈ-పాస్ పెట్టినారు. పోయే ముందు దాని సంగతి కనుక్కోవాలి.

ఇక నేను దాటేసిన రెండు నెలలు. అక్టోబరు, నవంబరు.

ఇది రెండో వాన. తూర్పు వాన. గాలి తిరిగి, ఈసారి బంగాళాఖాతం నించి వస్తుంది. తమిళవాళ్ళు ఐప్పసి నెలను అడైమళై నెల అంటారు, విడవకుండా కురిసే వాన అని. మన ఆశ్వయుజం, కార్తీకం. ఈసారి కొండకు ముందు తగిలేది తూర్పు పక్క. పడమట గూడలూరుకు జూలై ఎట్లాగో, కూనూరుకు, కోత్తగిరికి, కేత్తికి నవంబరు అట్లా. కూనూరులో ఏడాదిలో ఎక్కువ వాన వచ్చేది ఈ నెలల్లోనే. మేట్టుపాళయం నించి ఎక్కే కొండరైలు ఈ నెలల్లో తరచుగా ఆగిపోతుంటుంది, పట్టాల మీద మట్టి, రాళ్ళు పడి.

మా చెల్లెలిని ఇచ్చింది కూనూరు పక్కనే. వాళ్ళాయన టీ ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఇల్లు వాలు మీద. వెనక మట్టి కట్ట, దాని పైన టీ తోట. ఇంటి వెనకే ఒక ఊట, ఎండాకాలంలో కూడా సన్నగా, తేటగా పారుతుంది. నేను ఎప్పుడు పోయినా ఆ ఊట నీళ్ళే దోసిట పట్టి తాగేవాణ్ణి.

2009 నవంబరు. మూడు రోజులుగా కొండ మీద వాన ఆగలేదు. కింద మాకు కూడా వానే, కానీ మామూలు వాన. తొమ్మిదో తారీఖు రాత్రి చెల్లెలు ఫోను చేసింది. కరెంటు లేదంట. వాళ్ళాయన షిఫ్టులో ఉన్నాడు, ఇంకా రాలేదు. "అన్నా, వెనక ఊట నీళ్ళు ఎర్రగా వస్తా ఉండాయి. అత్తమ్మ లెయ్యి, బడికి పోదాము అంటా ఉంది. బిడ్డ నిద్రపోతా ఉంది. ఏమి చెయ్యమంటావు?"

నేను ఏమన్నానో అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "ఈ చీకట్లో, ఈ వానలో చంటిబిడ్డను ఎత్తుకుని ఎక్కడికి పోతావు? కాలు జారితే? రాతి గోడలు కదా, తలుపు వేసుకుని ఇంట్లోనే పడుకోండి. తెల్లారినాక చూద్దాము" అన్నాను. గట్టిగా అన్నాను. పెద్దవాణ్ణి కదా, పెద్దరికం చూపించినాను.

ఫోను వాళ్ళ అత్తగారు అందుకున్నారు. "నాయనా, నువ్వు కింద ఉండావు. నేను డెబ్బై ఎనిమిది చూసినదాన్ని. తేట నీళ్ళు ఎర్రగా మారితే కొండ లోపల కదిలినట్టు. నువ్వు పెట్టెయ్యి" అన్నారు. ఫోను ఆగిపోయింది. 1978 నవంబరులో కూడా ఆ కొండల్లో ఇట్లాగే చరియలు పడి ఎంతోమంది పోయినారు. ఆమె అప్పుడు కొత్తకోడలు.

నాకు నిజం చెబితే కోపం వచ్చింది. ముసలామె మొండితనం అనుకున్నాను. పొద్దున చేస్తే ఫోను పలకలేదు. మధ్యాహ్నం పలకలేదు. రేడియోలో చెప్పినారు. కేత్తిలో ఒక్క రోజులో 820 మిల్లీమీటర్లు. ఊటీ, కూనూరు, మేట్టుపాళయం రోడ్లు తెగిపోయినాయి. నేను మేట్టుపాళయం దాకా పోయి, పోలీసులు కట్టిన తాడు దగ్గర నిలబడినాను. ఇంకా పైకి దారి లేదు. నాతో పాటు యాభై, అరవై మంది, అందరికీ పైన ఎవరో ఒకరు ఉన్నవాళ్ళే. ఎవరూ మాట్లాడలేదు. నా చెవిలో మాత్రం నా మాటే. తలుపు వేసుకుని పడుకోండి.

మూడో రోజు ఫోను వచ్చింది. అందరూ బడిలో ఉన్నారు. ఆ రాత్రే ఆమె కోడలినీ, బిడ్డనూ, పక్క రెండిళ్ళ వాళ్ళనూ లేపి, చేతిలో లాంతరు పట్టుకుని నడిపించుకుపోయింది. మేకలను కూడా విప్పి వదిలేసిందంట. తెల్లవారుజామున వెనక కట్ట జారింది. వంటిల్లు, బిడ్డ పడుకునే గది మట్టి కింద. రాతి గోడలు అన్నాను కదా, ఆ రాళ్ళు ముందర రోడ్డు మీద దొరికినాయి.

అందరికీ అట్లాంటి అత్తగారు ఉండదు. ఆ వానల్లో నీలగిరిలో నలభై మందికి పైగా చనిపోయినారు. చాలామంది నిద్రలో, ఇంట్లోనే.

దారి తెరిచినాక పోయినాను. చెల్లెలు ఏమీ అనలేదు, టీ ఇచ్చింది. నేనే వాళ్ళ అత్తగారి దగ్గర కూచుని, "అత్తమ్మా, నా మాట విని ఉంటే" అన్నాను. ఇంకా చెప్పలేకపోయినాను. ఆమె, "నువ్వు చెడు చెప్పలేదు నాయనా. కింద ఊళ్ళో అయితే నీ మాట సరే" అని ఊరుకుంది.

ఆమె చెప్పింది ఎంత సరైనదో తరువాత ఆలోచించుకున్నాను. కింద నేల మీద రాత్రి గట్టి వాన వస్తే ఇంట్లో ఉండడమే క్షేమం. కొండ వాలు మీద ఆ ఇల్లే ప్రమాదం కావచ్చు. దూది మూటలు మోసిన వాళ్ళకు ఇది చెప్పనక్కర లేదు. ఎండు మూటను ఇద్దరు దొర్లిస్తారు, అదే తడిసిందంటే నలుగురు పట్టినా కదలదు, అంత బరువు. కొండ మీది మట్టి కూడా అంతే. నీళ్ళు తాగి తాగి బరువెక్కుతుంది. అడుగున రాయికీ మట్టికీ మధ్య నీళ్ళు చేరి జారుడు అవుతుంది. రాతి మీద పట్టు తప్పితే ఒక్కసారిగా దిగుతుంది.

పాతకాలం అడవి ఉన్నచోట ఇది తక్కువ. అక్కడి గడ్డి నేలలు, లోయల్లో ఉండే చోళా అడవులు నీళ్ళను దూదిలాగా పీల్చుకుని మెల్లగా వదులుతాయి. మన మనుషులు ఆ అడవి కొట్టి, వాలును నిలువుగా కోసి ఇల్లు కట్టినారు, రోడ్డు వేసినారు, నీళ్ళు పోయే వంకలు పూడ్చినారు. నీళ్ళకు దారి లేకపోతే అవి మట్టినే దారి చేసుకుంటాయి. మా చెల్లెలి ఇంటి వెనక కట్ట కూడా చేత్తో కోసిందే.

ఆ అత్తగారు ఇప్పుడు లేరు. ఆమె దగ్గర నేను నేర్చుకున్న గుర్తులు రాస్తున్నాను. ఇవి నీలగిరికే కాదు. కోరాపుట్టు పక్క కొండల్లో ఉండే మనవాళ్ళకూ, కొడగుకు కాఫీ పనికి పోయే వాళ్ళకూ పనికి వస్తాయి. కత్తిరించి పెట్టుకోండి.

తేటగా పారే ఊట ఎర్రగా మారినా, కొత్తచోట నీళ్ళు ఉబికినా, ఎప్పుడూ పారే ఊట హఠాత్తుగా ఆగిపోయినా జాగ్రత్త. నేల మీద, గోడ మీద కొత్త పగులు కనిపిస్తే జాగ్రత్త. నిటారుగా ఉన్న చెట్టు, కరెంటు స్తంభం ఒక పక్కకు వాలితే జాగ్రత్త. నిన్నటిదాకా బాగా పడిన తలుపు ఈ రోజు బిగుసుకుంటే, ఇల్లు కదిలింది అని అర్థం. లోపల గుడగుడమని శబ్దం వస్తే ఇంక చూసేది లేదు, సామాను ముట్టకుండా బిడ్డలను ఎత్తుకుని పక్కకు పోవాలి. కిందికి కాదు, జారే దారికి అడ్డంగా పక్కకు. తమిళనాడులో కలెక్టరు ఆఫీసు ప్రకృతి ఆపదల నంబరు 1077. ఫోనులో రాసి పెట్టుకోండి.

ఇప్పుడు షోలాపూరు తల్లికి జవాబు.

అమ్మా, నవంబరులో రావద్దు. డిసెంబరు మొదట్లో కూడా బంగాళాఖాతంలో వాయుగుండం ఉందేమో చూసుకోండి. క్రిస్మసు దాటి, సంక్రాంతి లోపల వస్తే పగలు ఎండ బాగుంటుంది, ఆకాశం నీలంగా ఉంటుంది. రాత్రికి పిల్లలకు ఉన్ని టోపీ, కాళ్ళకు మేజోళ్ళు తప్పకుండా తీసుకురండి. తెల్లవారుజామున ఆరు గంటలకు లేపి తలైకుందా పక్క తీసుకుపోతే గడ్డి మీద తెల్లమంచు చూడొచ్చు. తొమ్మిదయితే ఉండదు. కొండరైలుకు టిక్కెట్టు ముందే తీసుకోండి, అప్పటికప్పుడు దొరకదు. బస చేసే ఇంటి వెనక నిలువుగా కోసిన మట్టి కట్ట ఉంటే ఆ ఇల్లు వద్దు, ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు.

ఇంకొక మాట. మీరు బయలుదేరే ముందు నాకు ఫోను చేసి అడగవద్దు. నేను కింద ఉండేవాణ్ణి. మీరు దిగే చోటు వాళ్ళను, అక్కడ టీ కోసే ఆడవాళ్ళను, బస్సు కండక్టరును అడగండి. వాళ్ళు ఏ పక్క, ఏ నెల అని చూసి చెబుతారు.

మా చెల్లెలు ఇప్పుడు కూనూరు టౌనులో, రోడ్డుకు సమంగా ఉన్న ఇంట్లో ఉంది. ప్రతి సంవత్సరం ఐప్పసి వాన పట్టగానే రాత్రి తొమ్మిదికి నేను ఫోను చేస్తాను. ఇట్లా చెయ్యి, అట్లా చెయ్యి అని చెప్పను. "ఊట నీళ్ళు ఎట్లా ఉండాయమ్మా" అని మాత్రం అడుగుతాను. అక్కడ ఊట లేదు, కొళాయి నీళ్ళే. అయినా ఆమె, "తేటగా ఉండాయి అన్నా, పడుకో" అంటుంది. అప్పుడు పడుకుంటాను.

వచ్చే నెల మీ ఊరి వాన గురించి మీరు రాయండి. బరంపురం వాళ్ళు తుఫాను సంగతులు, భివండి వాళ్ళు వానల్లో మగ్గం నడిపిన సంగతులు రాస్తే బాగుంటుంది. అందరూ క్షేమంగా ఉండండి.